ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు: పల్లె బడిలో బోధనను అమర్చుకునే విధానం

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల పల్లెల్లో, తండాల్లో ప్రాథమిక పాఠశాల అంటే చాలాచోట్ల ఇద్దరు ఉపాధ్యాయులు, రెండు మూడు గదులు, ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఏడాదిలో 200 పనిదినాలు, 800 బోధనా గంటలు జరగాలి. అంటే రోజుకు సగటున నాలుగు గంటల బోధన. ఇద్దరు ఉపాధ్యాయులూ ఏ తరగతికి ఆ తరగతిని విడిగా కూర్చోబెట్టి చెప్పాలనుకుంటే ఒక్కో తరగతికి రోజుకు దొరికేది గంటా 36 నిమిషాలు మాత్రమే. మిగిలిన రెండు గంటల 24 నిమిషాలు ఆ పిల్లలు టీచరు పక్కన లేకుండానే గడుపుతారు.

ఆ సమయంలో వాళ్లు పాఠాన్ని ఎత్తిరాస్తూ కూర్చుంటారా, నిజంగా ఏదైనా నేర్చుకుంటారా అన్నదాని మీదే ఇలాంటి బడిలో చదువు నిలబడుతుంది. తెలంగాణలో 2024 డీఎస్సీ (ఉపాధ్యాయ నియామక పరీక్ష) ద్వారా ఎస్జీటీలుగా (ప్రాథమిక తరగతుల టీచర్లుగా) చేరి తొలిసారి ఇటువంటి బడికి వచ్చినవారిని ప్రధానంగా మనసులో పెట్టుకుని, జూన్ నుంచి ఏప్రిల్ దాకా పనిని ఎలా అమర్చుకోవచ్చో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: ఏ బిడ్డ ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడం

బడులు జూన్ 12 ప్రాంతంలో తెరుచుకుంటాయి. పిల్లలను బడిలో చేర్పించే బడిబాట కార్యక్రమం, పుస్తకాల పంపిణీ, కొత్త చేరికల మధ్య మొదటి రెండు వారాల్లో పాఠం మొదలుపెట్టాలన్న తొందర సహజం. అయినా ఆ రెండు వారాలను పిల్లల స్థాయిని తెలుసుకోవడానికి కేటాయించండి. మూడో తరగతి హాజరుపట్టీలో పేరున్నంత మాత్రాన ఆ బిడ్డకు మూడో తరగతి వాచకం చదవడం వచ్చినట్టు కాదు.

దీనికి పెద్ద సామగ్రి అక్కర్లేదు. నాలుగు అట్టముక్కలు చాలు. మొదటిదాని మీద పది పన్నెండు అక్షరాలు, రెండోదాని మీద పలక, తల, అరక, వల వంటి సరళ పదాలు, మూడోదాని మీద గుణింతాలతో కూడిన నాలుగు చిన్న వాక్యాలు, నాలుగోదాని మీద ఒత్తులు కూడా ఉన్న ఎనిమిది వాక్యాల కథ రాసుకోండి. లెక్కలకు ఒక డబ్బాలో చింతగింజలు, రెండంకెల సంఖ్యలు రాసిన కొన్ని చీటీలు, ఒక పలక పెట్టుకోండి. ఒక్కొక్క బిడ్డను వరండాలోకో చెట్టు కిందికో పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, ముందు ఇంటి సంగతులు రెండు మాట్లాడి, ఆ తర్వాత అట్టలు చూపించండి. ఒక బిడ్డకు ఐదారు నిమిషాలు పడుతుంది. నలభై మంది పిల్లలున్నా ఇద్దరు ఉపాధ్యాయులు పంచుకుంటే ఒక్కొక్కరికి రెండు గంటల పని, అదీ రెండు వారాల మీద పరుచుకున్నది.

ఈ పరిశీలనలో తప్పును దిద్దకండి. బిడ్డ ఏమన్నదో అన్నట్టే రాసుకోండి. ‘పలక’ను ‘వలక’ అని చదివితే ‘తప్పు’ అని కాకుండా ‘ప–వ తేడా పట్టలేదు’ అని నమోదు చేయండి. వ–ప, న–స, మ–య, ద–డ జంటల దగ్గర చాలామంది ఆగుతారు. ఎవరు దేని దగ్గర ఆగారో తెలిస్తే తర్వాతి నెల అభ్యాసం దానంతటదే తయారవుతుంది. లెక్కల్లో కూడా 20 గింజలను ఒక్కొక్కటి జరుపుతూ లెక్కపెడుతున్నదా, నోటి అంకెలు ఒకవైపు, చేతి గింజలు మరోవైపు పోతున్నాయా అని చూడండి. నూరు దాకా గడగడా అప్పజెప్పే బిడ్డ 14 గింజలు తీసి ఇవ్వలేకపోవడం అరుదేమీ కాదు.

ఈ నమోదును బట్టి తెలుగుకు మూడు జట్లు, లెక్కలకు మూడు జట్లు చేయండి. రెండు విషయాలకూ ఒకే జట్లు పెట్టడం సరైన పని కాదు; అంగడిలో అమ్మ పక్కన కూర్చుని చిల్లర లెక్కపెట్టే పిల్లవాడు చదవడంలో వెనుకబడి ఉండవచ్చు. ఆరు వారాలకొకసారి అట్టలు మళ్లీ చూపించి జట్లను మార్చాలి. ఎప్పటికీ మారని జట్టు పిల్లల మీద ముద్రగా మిగిలిపోతుంది. 2022 ఆగస్టు 15న మన రాష్ట్రంలో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం మొదలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా తరగతి కన్నా బిడ్డ స్థాయికే ముందు చోటిచ్చింది. కాబట్టి పై అధికారులకు మీ జట్ల గురించి వివరించడం కష్టం కాదు.

ఐదో తరగతి బిడ్డ రెండో తరగతి పిల్లలతో కలిసి సరళ పదాలు చదవవలసి వస్తే సిగ్గుపడుతుంది. ఆ సిగ్గును చిన్న విషయంగా తీసుకోకండి. జట్ల పనిని రోజులో ఒక గంటకు పరిమితం చేసి, ఆ బిడ్డకు ఇచ్చే పాఠ్యం తేలికగా ఉన్నా వయసుకు తగిన సంగతి అందులో ఉండేటట్టు చూడండి. బొమ్మ కుక్కపిల్ల గురించి కాక కోళ్ల పెంపకం గురించో, ఊరి కబడ్డీ జట్టు గురించో నాలుగు సులువైన వాక్యాలు మీరే రాసి ఇవ్వవచ్చు.

రెండో మెట్టు: గదిని సిద్ధం చేయడం

గోడకు కింది మూడడుగుల మేర నల్లరంగు వేయించి, నిలువు గీతలతో భాగాలు చేసి, ఒక్కో భాగం మీద ఒక్కో బిడ్డ పేరు రాయించండి. ఇప్పటికే ఉంటే దాన్ని వాడకంలోకి తెండి. పలక మీద రాసింది టీచరు దగ్గరికి వస్తేనే కనిపిస్తుంది. గోడ మీద రాసింది గది మధ్యలో నిలబడినా ఒక్క చూపులో అందరిదీ కనిపిస్తుంది. ఐదు తరగతుల మధ్య తిరిగే టీచరుకు ఇంతకన్నా ఉపయోగపడే అమరిక మరొకటి లేదని నా అభిప్రాయం.

గదిలో ఒక మూల చాప వేసి, టీచరుతో కూర్చునే చోటుగా నిర్ణయించండి. కథల పుస్తకాలను బీరువాలో తాళం వేసి ఉంచకండి. గోడకు తాడు కట్టి, పుస్తకాలను మధ్యకు తెరిచి తాడు మీద వేలాడదీయండి. చినిగితే చినుగుతాయి, అతికించడం కూడా పిల్లలకు నేర్పవచ్చు. చార్టులు పిల్లల కంటి ఎత్తులో ఉండాలి, పాతబడినవి తీసివేయాలి.

మూడో మెట్టు: టీచరు లేకుండా పని చేయడం నేర్పడం

చాలా బడుల్లో దాటవేసే మెట్టు ఇదే. ‘మీరు లెక్కలు చేసుకోండి, నేను ఒకటో తరగతికి చెప్పి వస్తాను’ అంటే పిల్లలు చేసుకోలేరు. చేసుకోవడమన్నది కూడా పాఠంలా నేర్పవలసిన విషయం. జూన్ చివరి వారం, జూలై మొదటి వారం దీనికే ఇవ్వండి.

నేర్పవలసిన అలవాట్లు నాలుగు. సామాను తీయడం, తిరిగి పెట్టడం మొదటిది. ప్రతి డబ్బా మీద అందులో ఉన్న వస్తువు బొమ్మ, పేరు ఉండాలి. ఎవరు తెచ్చి ఎవరు పెట్టాలో వారానికి ఒక బాధ్యుడు ఉండాలి. రెండోది గొంతు: జట్టులో మాట్లాడే గొంతు, గది అంతటికీ వినిపించే గొంతు వేరువేరని చేసి చూపించి, పిల్లలతో చేయించాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది, పని మధ్యలో ఆగిపోతే ఏం చేయాలన్నది. ముందు గోడ మీద చార్టు చూడాలి, తర్వాత పక్కనున్నవారిని అడగాలి, అప్పటికీ తెలియకపోతే అక్కడ ఒక చుక్క గుర్తు పెట్టి తర్వాతి దానికి వెళ్లాలి, టీచరు జట్టు మారే వేళకు ఆ చుక్కలు చూపించాలి. ఈ క్రమాన్ని పిల్లల చేత నాటకంలా వేయించండి: ఒకరు ఆగిపోయినట్టు, ఒకరు సాయం చేసినట్టు, ఒకరు జవాబు చెప్పేసినట్టు. సాయం చేయడానికి, జవాబు చెప్పేయడానికి తేడా ఏమిటో అప్పుడు వాళ్లకే అర్థమవుతుంది. నాలుగోది పని ముందుగా పూర్తయిన బిడ్డ ఏం చేయాలన్నది. తాడు మీది పుస్తకం తీసుకోవడం అందుకు సరిపోతుంది.

మొదట ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి. ఆ ఐదు నిమిషాలూ మీరు ఏ జట్టుకూ చెప్పకండి, పక్కన నిలబడి గమనించండి. తర్వాత ఏది బాగా జరిగిందో, ఏది జరగలేదో పిల్లలతోనే చెప్పించండి. పది నిమిషాలు, పదిహేను, ఇరవై అని పెంచుకుంటూ పోతే జూలై నడిమికి మూడో తరగతి పైబడిన పిల్లలు ఇరవై ఐదు నిమిషాలు సొంతంగా పని చేయగలుగుతారు. ఒకటి, రెండు తరగతుల వారికి పదిహేను నిమిషాలకు మించి ఆశించకూడదు.

టీచరు లేని వేళ ఇచ్చే పనిలో కొత్త విషయం ఉండకూడదు. ముందురోజు మీతో కూర్చుని చేసినదాన్నే వేరే పదాలతో, వేరే అంకెలతో చేయాలి. సగం వచ్చిన పనిని ఒంటరిగా చేయమంటే బిడ్డ తప్పును పదిసార్లు అభ్యాసం చేస్తుంది, దాన్ని మాన్పించడానికి తర్వాత రెండింతల కాలం పడుతుంది. అలాగని పాఠం ఎత్తిరాయడం పని కింద లెక్కకు రాదు. చదవడం రాని బిడ్డ కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో పుట ఎత్తిరాయగలదు.

పెద్ద తరగతి పిల్లల చేత చిన్నవారికి చెప్పించడం మంచిదే, అయితే దానికి హద్దు ఉండాలి. ఒక బిడ్డకు రోజుకు పదిహేను నిమిషాలు దాటకూడదు, ఏం చేయించాలో ముందుగా మీరు చూపించాలి, వంతులు మారుతుండాలి. చురుకైన ఆడపిల్లలకే ఈ బాధ్యతలన్నీ పడడం, వాటితోపాటు ఊడ్వడం, నీళ్లు తేవడం, అంగన్వాడీ పిల్లలను ఆడించడం కూడా చేరడం మనం చూస్తూనే ఉన్నాం. ఇంట్లో తమ్ముణ్ని ఎత్తుకుని వచ్చిన బిడ్డకు బడిలో కూడా అదే పని చెప్పడం అన్యాయం.

నాలుగో మెట్టు: రోజును పంచుకోవడం

ఇద్దరు ఉపాధ్యాయులు ఉన్నప్పుడు ఒకరు ఒకటి, రెండు తరగతులను, మరొకరు మూడు, నాలుగు, ఐదు తరగతులను చూసుకోవడం అనువైన పద్ధతి. ఉదయం తొమ్మిది గంటల ప్రార్థన తర్వాత మొదటి పావుగంట అందరినీ కలిపి ముచ్చట్లకు ఇవ్వండి. తర్వాతి గంట తెలుగు జట్ల పని. ఆపైన తరగతివారీగా వాచకం. భోజనానికి ముందు లెక్కల జట్లు. భోజనం తర్వాత లెక్కల పుస్తకం, ఇంగ్లిష్, పరిసరాల విజ్ఞానం. చివరి ముప్పావు గంట ఆటలు, బొమ్మలు, పాటలు, కథల పుస్తకాలు.

ప్రతి గంటలోనూ టీచరు ఒక జట్టుతో ఇరవై నిమిషాలు కూర్చోవాలి, అప్పుడు మిగిలిన రెండు జట్లు సొంత పనిలో ఉండాలి. వెనుకబడిన జట్టుతో మొదట కూర్చోండి, ఎందుకంటే గంట చివర్లో ఎవరో ఒకరు వస్తారు, ఏదో ఒక సమాచారం అడుగుతారు, ఆ కోత పడేది ఆఖరి జట్టుకే. ఒక టీచరు సెలవులో ఉన్నా, శిక్షణకో, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశానికో వెళ్లినా నడిచే ‘ఒక్క టీచరు రోజు’ ప్రణాళికను కూడా జూలైలోనే రాసి గోడకు అంటించండి. అందులో కొత్త పాఠం ఉండదు. కథ, గోడరాత, ఆట లెక్కలు, బొమ్మలు మాత్రమే ఉంటాయి.

ఐదో మెట్టు: తెలుగు, మాట నుంచి చదువుకు

ఒకటి, రెండు తరగతులకు ఒక వారం ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

జూలైలో రాత్రి గట్టిగా వాన పడింది అనుకుందాం. సోమవారం పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి, నిన్న రాత్రి వానకు మీ ఇంట్లో ఏం జరిగిందని అడగండి. ఒక్కొక్కరూ చెబుతారు. దిద్దకుండా, తొందరపెట్టకుండా వినండి. మంగళవారం అదే ముచ్చటను పెద్ద కాగితం మీద పిల్లలు చెప్పిన మాటల్లోనే రాయండి: ‘రాత్రి వాన కొట్టింది. మా ఇంట్ల నీళ్లు కారినయి. అమ్మ గంజు పెట్టింది. మేక మా దగ్గర పండుకున్నది.’ రాస్తున్నప్పుడు ఒక్కో పదాన్ని పలుకుతూ రాయాలి, రాశాక వేలు పెట్టి అందరితో చదివించాలి. అవి తమ నోటి మాటలే కాబట్టి అక్షరాలు రాని బిడ్డ కూడా ఆ నాలుగు వాక్యాలను చూపగలదు. రాసింది మాటేనని, మాటే రాతగా మారుతుందని బిడ్డకు తెలిసే రోజు అదే.

బుధవారం వాక్యాలను చీటీలుగా కత్తిరించి, కలిపేసి, మళ్లీ వరుసలో పేర్పించండి. తర్వాత వాక్యాన్ని పదాలుగా కత్తిరించి అదే పని చేయించండి. గురువారం ‘వాన’ను విడదీసి వ, న అక్షరాల మీద నిలబడండి. వాటికి ముందే తెలిసిన ల, క, ర చేర్చి వల, కల, వాన, రవ వంటి పదాలు చేయించండి. ఇసుకలో వేలితో, గోడ మీద సుద్దతో, చివరికి నోటుపుస్తకంలో పెన్సిలుతో, ఈ వరుసలోనే రాయించండి. శుక్రవారం పిల్లలు వాన బొమ్మ గీసి కింద ఒక పదమో, ఒక వాక్యమో సొంతంగా రాస్తారు. అందులో తప్పులుంటాయి, అన్నీ దిద్దవద్దు. ఆ వారం నేర్పిన రెండు అక్షరాల వరకే చూడండి. శనివారం తమ బొమ్మను మరో తరగతి గదికి వెళ్లి చదివి వినిపిస్తారు.

అదే వారం పెద్ద జట్లకు కూడా విషయం వానే. చదవడం వచ్చిన పిల్లలు వాన గురించి ఇంట్లో పెద్దలను అడగవలసిన ఐదు ప్రశ్నలు తయారు చేసి, జవాబులు రాసుకుని వచ్చి, గోడపత్రికకు వ్యాసం రాస్తారు. నడిమి జట్టువారు వాక్యాలను సరైన వరుసలో పెట్టి, మొదలు, చివర చేర్చి కథ చేస్తారు. ఒకే విషయం మూడు స్థాయిల్లో నడవడం వల్ల మీరు తయారయ్యే శ్రమ మూడో వంతుకు తగ్గుతుంది, సోమవారపు ముచ్చట అందరికీ పనికి వస్తుంది.

పిల్లల ఇంటి భాష గురించి రెండు మాటలు చెప్పాలి. ‘ఇంట్ల’, ‘వచ్చినయి’, ‘దూప’ అనే మాటలను నోటితో అన్నప్పుడు సరిదిద్దకండి. సరిదిద్దిన ప్రతిసారీ బిడ్డ మాట్లాడడం ఒక మెట్టు తగ్గుతుంది. మూడో తరగతి నుంచి ‘ఇంట్లో ఇట్లా అంటాం, పుస్తకంలో ఇట్లా రాస్తాం’ అని రెండూ పక్కపక్కన రాయించండి. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల తండాల నుంచి వచ్చే లంబాడా పిల్లలకు తెలుగే రెండో భాష. ఒకటో తరగతిలో వాళ్లు మౌనంగా ఉంటే మందబుద్ధి అనుకోవడం ఘోరమైన పొరపాటు. యాడి (అమ్మ), పాణి (నీళ్లు), బాటి (రొట్టె) వంటి వాళ్ల మాటలు కనీసం నూరు మీరు నేర్చుకోండి. పెద్ద తరగతుల్లోని తండా పిల్లల సాయంతో బొమ్మ పక్కన గోర్‌బోలి (లంబాడాల భాష) మాట, తెలుగు మాట తెలుగు లిపిలోనే రాసిన పట్టిక తయారు చేసి గోడకు పెట్టండి. కథను ఒకసారి వాళ్ల భాషలో ఆ పిల్లలతోనే చెప్పించి, తర్వాత తెలుగులో మీరు చెప్పండి. దసరా నాటికి ఆ మౌనం విడిపోతుంది.

ఇంగ్లిష్ విషయం క్లుప్తంగా చెబుతాను. 2022–23 నుంచి ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు వచ్చాయి. ముందు తెలుగు పుట మీద అర్థం తెలిసిన తర్వాతే ఇంగ్లిష్ పుటకు వెళ్లండి. రోజూ పది నిమిషాలు ఆజ్ఞలు, పాటలు, ప్రశ్నలు–జవాబులతో ఇంగ్లిష్ మాటలు వినిపించడం, పలికించడం స్పెల్లింగులు వల్లె వేయించడం కన్నా ఎక్కువ ఫలితమిస్తుంది.

ఆరో మెట్టు: లెక్కలు, గింజల నుంచి అంకెలకు

మన నేల మీద లెక్కల సామగ్రికి కొరత లేదు. చింతగింజలు, మక్క గింజలు, కందులు, చీపురు పుల్లలు, సీసా మూతలు ఏవైనా పనికి వస్తాయి. అయితే ఒక హెచ్చరిక. మన వైపు ఆముదం పండుతుంది, ఆ గింజలు చూడటానికి నున్నగా, చారలతో అందంగా ఉంటాయి, పిల్లలు ఏరుకుని తెస్తారు. ఆముదపు గింజలోనూ గురివింద గింజలోనూ ప్రాణాంతకమైన విషం ఉంటుంది. వాటిని తరగతిలోకి రానివ్వకండి, ఎందుకు వద్దో పిల్లలకు కూడా చెప్పండి. ఒకటో తరగతివారికి కందుల వంటి చిన్న గింజలు కూడా ఇవ్వవద్దు, ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు.

కూడికకు పునాది పదిని విడదీయడం. అష్టాచెమ్మా కోసం పిల్లలు చింతగింజలను ఒకవైపు నేలకు అరగదీసి తెల్లగా చేస్తారు కదా, అటువంటివి పది తయారు చేయించండి. ఇద్దరు పిల్లలు కూర్చుని పది గింజలను నేల మీద వేస్తారు. తెల్లవైపు ఆరు పడితే నల్లవైపు నాలుగు. ఆరూ నాలుగూ పది అని పలకాలి, పలక మీద రాయాలి. 0, 10 నుంచి 10, 0 దాకా పదకొండు విధాలు ఉన్నాయి. అన్నీ ఎవరికి ముందు పడితే వారిది గెలుపు. ఒక జత రాదేమని పిల్లలు విసుగుతూ మళ్లీ మళ్లీ వేస్తారు, ఆ విసుగులోనే జతలు నోటికి వస్తాయి. టీచరు అవసరం లేని సమయానికి ఇంతకన్నా మంచి ఆట దొరకదు.

రెండో తరగతి నుంచి కట్టలు. పది చీపురు పుల్లలకు ఒక దారం కట్టి పది పది కట్టలు చేయించండి. కట్టలు మీరు కట్టి ఇవ్వవద్దు, పిల్లలే లెక్కపెట్టి కట్టాలి. 43లో 17 తీసివేయమంటే చాలామంది 34 అని రాస్తారు, ఎందుకంటే ఏడులోంచి మూడు తీస్తారు. పుస్తకం మీద ‘పక్కింటి నుంచి అప్పు’ అని ఎంత చెప్పినా ఆ తప్పు పోదు. నాలుగు కట్టలు, మూడు విడి పుల్లలు ముందు పెట్టించండి. ఏడు పుల్లలు ఇవ్వమని అడగండి. మూడే ఉన్నాయి, ఏం చేద్దామని బిడ్డనే అడిగి ఆగండి. కాసేపటికి ఎవరో ఒకరు కట్ట దారం విప్పుతారు. ఇప్పుడు విడివి 13, అందులోంచి ఏడు పోగా ఆరు, మూడు కట్టల్లోంచి ఒకటి పోగా రెండు, మొత్తం 26. మూడు నాలుగు రోజులు పుల్లలతో, తర్వాత పుల్లల బొమ్మ గీసి, ఆ తర్వాతే అంకెలతో చేయించాలి. వెనుకబడిన జట్టుకు అంకెలు ఇచ్చిన వారం తర్వాత కూడా పుల్లలు అందుబాటులో ఉంచండి. అవసరం తీరిన రోజున వాళ్లే పక్కన పెడతారు.

ఇంగ్లిష్‌లో అంకెలు నేర్పేటప్పుడు 13ను 31గా రాసే పిల్లలు కనిపిస్తారు. తెలుగులో పదమూడు అన్నప్పుడు పది ముందు వినిపిస్తుంది, రాసే వరుస కూడా అదే. థర్టీన్‌లో మూడు ముందు వినిపిస్తుంది. అందువల్ల 11 నుంచి 19 దాకా సంఖ్యలను ముందు తెలుగులో కట్టలతో స్థిరపరచి, ఆ తర్వాత ఇంగ్లిష్ పేర్లు అతికించండి.

పెద్ద తరగతుల వారికి నెలకొకసారి బడిలోనే అంగడి పెట్టించండి. కాగితపు నోట్లు, ధరల చీటీలు, బత్తాయిలు, కూరగాయలు, తూకానికి కర్ర, రెండు గిన్నెలతో చేసిన త్రాసు. కొన్నవారు రసీదు రాయాలి, అమ్మినవారు సాయంత్రానికి లెక్క అప్పజెప్పాలి. గుణకారం, దశాంశాలు, అరకిలో, పావుకిలో అన్నీ ఒకేచోట వస్తాయి. ఎక్కాలు కంఠస్థం చేయించడాన్ని నేను వద్దనను. మూడు నాలుగులు పన్నెండు అంటే నాలుగేసి గింజల మూడు వరుసలు అని తెలిసిన తర్వాత కంఠస్థం చేయించాలంటాను.

ఏడో మెట్టు: పరిసరాల విజ్ఞానం, నీళ్లతో మొదలు

నల్లగొండ జిల్లా పిల్లలకు నీటిని మించిన పాఠం లేదు. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల ఊళ్లలో భూగర్భజలంలోని ఫ్లోరైడ్ ఎన్ని కుటుంబాలను వంచిందో ఆ పిల్లల తాతలకు, అవ్వలకు తెలుసు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తగ్గించే, నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ టెక్నిక్ అనే పేరు. ఈ సంగతి మన పిల్లలకు మన బడిలోనే తెలియాలి.

నాలుగు, ఐదు తరగతుల పిల్లలను జట్లుగా చేసి ఊరి నీటి పటం గీయించండి: బావులు, బోర్లు, చెరువు, మిషన్ భగీరథ ట్యాంకు, నల్లాలు. ఏ నీళ్లు తాగడానికి, ఏవి పశువులకు, ఏవి బట్టలకు అని రంగులతో గుర్తించాలి. తర్వాత పెద్దలను అడిగి, నలభై ఏళ్ల కిందట ఏ నీళ్లు తాగేవారో రెండో పటం గీయాలి. తరగతిలో రెండు గాజు గ్లాసుల్లో బురద నీళ్లు పోసి ఒకదానిలో పటిక తిప్పి, ఎంతసేపటికి తేటపడిందో రాయించండి. ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి: తేటగా కనిపించే నీటిలో కూడా ఫ్లోరైడ్ ఉండవచ్చు, దాన్ని కంటితో పట్టుకోలేం, పరీక్ష చేయించాలి. పళ్ల మీద మచ్చలున్న బిడ్డలు, కాళ్లు వంగిన పెద్దలున్న ఇళ్ల పిల్లలు మీ తరగతిలోనే ఉంటారు గనుక ఎవరినీ ఉదాహరణగా చూపకండి. జబ్బు నీటి వల్ల వచ్చింది, మనిషి తప్పు వల్ల కాదని మొదటి వాక్యంలోనే చెప్పండి.

నాగార్జునసాగర్ దగ్గరి మండలాల్లో అయితే కాలపట్టిక మంచి కృత్యం. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన, 1967 ఆగస్టు 4న కాలువలకు నీటి విడుదల. మధ్యలో ఎన్నేళ్లు, అప్పుడు తాత వయసెంత, అమ్మమ్మ ఊరు ఏది అని పిల్లలే కనుక్కుని గోడ మీద గీత గీసి రాస్తారు. బతుకమ్మ పండుగకు ముందు తంగేడు, గునుగు, కట్ల, బంతి పూలను సేకరించి, అవి ఏ నేలలో పూస్తాయి, ఏవి పెంచినవి, ఏవి అడవివి అని వర్గీకరించడం చిన్న తరగతులకు సరిపోతుంది.

ఎనిమిదో మెట్టు: పత్తి ఏరే రోజులు, వలస రోజులు

దసరా సెలవుల తర్వాత హాజరు పడిపోతుంది. పత్తి ఏరడానికి పిల్లలు అమ్మతో చేనుకు పోతారు, లేదా ఇంట్లో చిన్నపిల్లలను చూసుకుంటారు. పాలమూరు వైపు నుంచి కుటుంబాలు పనుల కోసం దూరప్రాంతాలకు వలస పోతాయి. ఇది ముందే తెలిసిన సంగతి కాబట్టి ప్రణాళిక ముందే ఉండాలి. ఒక మెట్టు ఎక్కకపోతే తర్వాతి మెట్టు అందని పాఠాలను, ముఖ్యంగా గుణింతాలు, స్థానవిలువ, తీసివేతలను సెప్టెంబరు లోపల ముగించండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏ రోజుకు ఆ రోజు పూర్తయ్యే పనులు ఎక్కువగా పెట్టుకోండి: కథ, పటం, అంగడి, గోడపత్రిక. అప్పుడు పది రోజుల తర్వాత తిరిగి వచ్చిన బిడ్డ కూడా ఆ రోజు పనిలో చేరగలుగుతుంది.

తిరిగి వచ్చిన బిడ్డను ‘ఇన్ని రోజులు ఎక్కడ చచ్చినవ్’ అని అందరి ముందు అడగడం వల్ల ఆ బిడ్డ మరో రెండు రోజులు మానేస్తుంది. ఒక తోడు పిల్లను కేటాయించి, పోయిన రోజుల్లో చేసిన పనుల్లో మూడింటిని మాత్రమే ఎంచి ఇవ్వండి. వలస పోయే కుటుంబం ముందుగా తెలిస్తే పిల్లలను ఊళ్లోనే అవ్వ దగ్గరో, వలస పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టల్‌లోనో ఉంచే వీలు గురించి తల్లిదండ్రులతో ముందే మాట్లాడాలి. వెళ్లక తప్పనివారి చేతికి బిడ్డ స్థాయి రాసిన కాగితం, ఒక కథల పుస్తకం, ఒక నోటుపుస్తకం ఇచ్చి పంపండి.

తొమ్మిదో మెట్టు: రాసి ఉంచడం

ప్రతి బిడ్డకు ఒక పుట ఉన్న నోటుపుస్తకం పెట్టుకోండి. రోజూ నలుగురి గురించి ఒక్కో వాక్యం రాస్తే రెండు వారాల్లో అందరూ వస్తారు. ‘బాగా చదువుతున్నది’ అని రాయకండి. ‘త ఒత్తు దగ్గర ఆగింది, కట్ట విప్పడం తనంతట తానే చేసింది’ అని రాయండి. ఎఫ్.ఏ., ఎస్.ఏ. (నిర్మాణాత్మక, సంగ్రహణాత్మక మూల్యాంకనాల) మార్కుల పట్టికలు అధికారులకు కావాలి, అవి వేరు. రేపు ఏం చెప్పాలో మీకు తెలియజేసేది ఈ పుస్తకమే.

తల్లిదండ్రుల సమావేశంలో కూడా ఇదే పుస్తకం పనికి వస్తుంది. సమావేశాన్ని పత్తి పనులు లేని రోజున, సాయంత్రం పూట పెట్టండి. ఉపన్యాసం ఇవ్వకండి. ప్రతి బిడ్డ చేత ఒక నిమిషం పాటు ఏదో ఒకటి చదివించండి, ఒక బొమ్మ చూపించండి. చదువు రాని తల్లి కూడా ఇంట్లో చేయగలిగిన ఒక్క పని చెప్పండి: రోజూ బిడ్డ చేత ఐదు నిమిషాలు చదివించుకుని వినడం, బడిలో ఏం జరిగిందని అడగడం.

పదో మెట్టు: ఒంటిపూట బడులు, అప్పగింత

మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు మొదలవుతాయి. సమయం తగ్గింది కాబట్టి అన్నిటినీ కొద్దికొద్దిగా తగ్గించకండి; జట్ల పనిని మొత్తంగా ఉంచి, తరగతివారీ పాఠాలను కుదించండి. ఎండకు ముందు ఉదయం మొదటి గంటలోనే చదవడం, రెండో గంటలో లెక్కలు పూర్తి చేయండి. మధ్యాహ్న భోజనానికి ముందు అరగంట పిల్లలు అలసిపోయి ఉంటారు, అప్పుడు కథలు చదివి వినిపించండి. ఏప్రిల్ రెండో వారంలో జూన్‌లో వాడిన నాలుగు అట్టలనే మళ్లీ ప్రతి బిడ్డ ముందు పెట్టి, జూన్ నమోదు పక్కనే ఫలితం రాయండి. ఐదో తరగతి పూర్తి చేసిన పిల్లల పుటలను వాళ్లు చేరబోయే ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు ఒక కాపీ పంపండి. మిగిలిన పుస్తకాన్ని బడిలోనే ఉంచండి. మీకు బదిలీ అయినా, జూన్‌లో ఆ గదిలోకి వచ్చే టీచరుకు మొదటి రోజు నుంచే ఏ బిడ్డ ఏ అక్షరం దగ్గర, ఏ లెక్క దగ్గర ఉన్నదో అందులో దొరకాలి. సెలవుల్లో చదువుకోవడానికి ప్రతి బిడ్డకూ తాడు మీది పుస్తకాల్లోంచి రెండు ఇచ్చి, పేరు, తేదీ ఒక రిజిస్టరులో రాయించి పంపండి.